గంటకొట్టు యంత్రమునకు వేళ నేర్పుట

మన పాఠశాలలో ఉదయపు ప్రార్థన మొదలుకొని సాయంకాలపు ఆటల వఱకు సమస్తమును గంటను బట్టియే నడచును. పూర్వము ఆ గంట కొట్టుటకు ఒక జవాను ఉండెడివాడు. అతడు హాలులోని లోలకపు గడియారమును ఓరకంట కనిపెట్టుచు, వేపచెట్టునకు వ్రేలాడగట్టిన రైలుపట్టా ముక్కను సుత్తితో మ్రోగించెడివాడు. అతడు పని విరమించిన పిమ్మట విజ్ఞానసంఘమువారమగు మేము, మా ఉపాధ్యాయుల యనుమతితో, ఆ పనిని అరచేతిలో నిముడు నొక చిన్న కంప్యూటరు పలకకు ఒప్పగించితిమి. గంట మ్రోగించుట యంత్రమునకు సులభమే. ఎప్పుడు మ్రోగింపవలెనో యెఱుగుటయే కష్టము. ఈ రెండవ సంగతిని మేము నేర్చుకొన్న తీరు కొంత సిగ్గుపడదగినదే యైనను, అందలి శాస్త్రము చదువరులకు ఉపయోగపడునని తలచి యిచట వ్రాయుచున్నాము.

మా పలకయందు నడచునది ఫ్రీఆర్టాస్ అను రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టము. దీనిని రిచర్డ్ బారీ యనునాతడు 2003వ సంవత్సరమున వెలువరించెను. క్యూనెక్స్, వీఎక్స్‌వర్క్స్ మొదలగునవియు ఈ జాతిలోనివే. ‘రియల్ టైమ్’ అనగానే, ఇది సరియైన వేళను తనంతట తానే యెఱిగియుండునని మేము మొదట భ్రమపడితిమి. ఆ పేరునకు అర్థము వేఱు. ఒక పనిని ఇంత గడువులోపల చేయుదునని మాట యిచ్చి, ఆ మాట తప్పకుండుటయే దాని ధర్మము. మోటారుకారు దేనినైనను ఢీకొన్నప్పుడు అందలి గాలితిత్తి రెప్పపాటులోపల విచ్చుకొనవలెను. ఒక సెకండు ఆలస్యముగా విచ్చుకొన్నచో అది యుండియు లేనట్లే. అట్టి పనులకై పుట్టినది ఈ సిస్టము. నేడు ఏ తేది, ఇప్పుడు వేళ యెంత అని యడిగినచో మాత్రము పాపము అది యేమియు చెప్పజాలదు. దానికి తెలిసినది లెక్కపెట్టుట యొక్కటియే.

పలకకు విద్యుత్తు తగిలినతోడనే ఆ లెక్క సున్నతో మొదలగును. మా పలకలో సెకండునకు 100 చొప్పున ‘టిక్కు’లు పడును. ఈ టిక్కులను 32 ద్విసంఖ్యాస్థానముల గదిలో నిలువచేయుదురు. ఆ గది 497 దినములకు నిండి, మరల సున్నకు వచ్చును. సెకండునకు 1000 టిక్కులు పెట్టుకొన్నవారికి 50 దినములైనను పూర్తిగా గడువకముందే నిండును. కావున ఒక టిక్కు సంఖ్య మఱియొకదానికంటె పెద్దదా యని పోల్చి చూచుట పొరపాటు. రెండింటి భేదమునే చూడవలెను.

ఈ టిక్కునకు మూలము ఒక స్ఫటికముయొక్క కంపనము. స్ఫటికములన్నియు చెప్పినట్లు కంపింపవు. దొరకునట్టి సామాన్యపు స్ఫటికములలో పదిలక్షలకు 20 పాళ్ల తేడా యుండుట సహజము. ఇది విన్నప్పుడు మేము నవ్వితిమి గాని, లెక్కకట్టి చూడగా దినమునకు 1.7 సెకండ్లు తేలెను. అదియు గాక, టిక్కునకు మనము కోరిన నిడివియే ఒక్కొక్కప్పుడు దొరకదు. పాత పీసీలలోని కాలగణన చిప్పు సెకండునకు 11,93,182 మారులు కొట్టుకొనును. అందుండి సరిగా ఒక మిల్లీసెకండు కావలెనన్నచో భాగహారము కుదురదు. 1193 దెబ్బలు లెక్కపెట్టుకొని 0.999847 మిల్లీసెకండుతో తృప్తిపడవలెను. క్యూనెక్స్ సిస్టము ఈ నిజమైన నిడివినే లెక్కలో వేసికొనును. తెలియనివాడు దానిని నిండు మిల్లీసెకండుగా కూడుకొనుచు పోయెనా, వాని గడియారము దినమునకు 13 సెకండ్లు ముందునకు పరుగెత్తును.

ఇంత స్వల్పమైన తేడా యేమి చేయునని చదువరులు తలపవచ్చును. 1991వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదిన సౌదీ అరేబియాలోని ధహ్రాన్ పట్టణమున జరిగినదానిని చూడుడు. అచట శత్రువుల క్షిపణులను ఆకాశముననే కూల్చుటకు పేట్రియట్ అను యంత్రసాధనము కాపున్నది. దానిలోని కంప్యూటరు కాలమును సెకండులో పదియవ పాళ్లుగా లెక్కించి, ఆ సంఖ్యను పదియవ భాగముతో గుణించి సెకండ్లుగా మార్చుకొనును. మనకు మూడవ భాగమును దశాంశములలో వ్రాయబోయినచో 0.333 అనుచు తుదిలేక పోవునట్లే, కంప్యూటరుయొక్క ద్విసంఖ్యామానమున పదియవ భాగము తుదిలేక పోవును. ఆ యంత్రమున 24 స్థానములతో దానిని తెగగోసిరి. ఒక్క గుణకారమునందలి లోపము కంటికి కానరానిది. కాని యంత్రమును ఆపక 100 గంటలకు పైగా నడపిరి. లోపము పెరిగి పెరిగి 0.34 సెకండు ఆయెను. స్కడ్ క్షిపణి సెకండునకు 1,676 మీటర్ల వేగముతో వచ్చునది గాన, ఆ మూడవవంతు సెకండులో అర కిలోమీటరునకు పైగా దాటిపోవును. యంత్రము క్షిపణి లేనిచోట వెదకి, ఏమియు లేదని యూరకుండెను. క్షిపణి సైనికుల నివాసముపై పడి 28 మంది మరణించిరి. దిద్దిన ప్రోగ్రాము మఱునాడు, 26వ తేదిన, అచ్చటికి చేరెను. చాలసేపు ఎడతెగక నడపినచో గుఱి తప్పవచ్చునని అంతకుముందే వర్తమానము పంపిరి గాని, ‘చాలసేపు’ అనగా ఎన్ని గంటలో అందు వ్రాయరైరి. యంత్రమును ఒకమారు ఆపి మరల నడపియుండినను లెక్క సున్నకు వచ్చి లోపము పోయెడిది.

మా పాఠశాల సంగతి దానితో పోల్చదగినది కాదు. అయినను మాకది పెద్దదే. అర్ధసంవత్సర పరీక్షలనాటి యుదయము విద్యుత్తు పోయి వచ్చెను. పలక సున్నతో మేల్కొనెను. ఇంటర్నెట్టు రాలేదు. వేళ తెలియని పలక తనకు తోచిన తేదిని, అనగా 1970 జనవరి 1వ తేది యుదయము 5 గంటల 30 నిమిషములను, చూపుచుండెను. మాలో ఒకరు హాలుగడియారమును చూచి వేళను చేతితో పెట్టిరి. హాలుగడియారము 12 నిమిషములు వెనుకబడియున్నదని అప్పుడు మేమెఱుగము. ఉపాధ్యాయులు తమ చేతిగడియారము ననుసరించి 9 గంటల 30 నిమిషములకు ప్రశ్నపత్రములిచ్చి, పరీక్ష ఆరంభమైనదని తెలుపు మీటను నొక్కిరి. యంత్రముయొక్క గడియారమున అప్పుడు 9.18. మేము వ్రాసిన ప్రోగ్రాము దానికి మూడు గంటలు కూడి, 12.18కి చివరి గంట కొట్టవలెనని గుర్తుపెట్టుకొనెను. పది గంటలవేళ ఇంటర్నెట్టు వచ్చెను. యంత్రము సరియైన వేళను తెప్పించుకొని, ఎవరితోను చెప్పక 12 నిమిషములు ముందునకు దుమికెను. పిమ్మట సరిగా 12.18కి గంట మ్రోగెను. పిల్లలకు దక్కినవి రెండు గంటల 48 నిమిషములే.

కొన్ని గదులలో ఉపాధ్యాయులు తమ గడియారములను చూచుకొని పత్రములు తీసికొనలేదు. తక్కినవారు గంటను నమ్మిరి. తప్పు తెలిసి మరల పిలుచునప్పటికి పదవ తరగతిలోని కొందఱు గేటు దాటిపోయిరి. ఒక బాలిక చివరి లెక్కను సగములో విడిచి, కన్నీళ్లతో ఇంటికి పోయెను. ప్రధానోపాధ్యాయులవారు మరునాడు ఆమెకు మిగిలిన నిమిషములను ఇప్పించిరి గాని, ఆ సంగతి తలచుకొన్నప్పుడెల్ల మాకు తల వంగును. యంత్రము తప్పు చేయలేదు. వేళను సరిచేయుమని చెప్పినదియు మేమే, చేసినది. మూడు గంటలు కొలువుమని చెప్పవలసినచోట, గడియారములో 12.18 కనబడువఱకు వేచియుండుమని చెప్పినవారము మేము.

ఇక్కడనే ముఖ్యమైన భేదమున్నది. వేళ వేఱు, వ్యవధి వేఱు. కుండలో బియ్యముపోసి యిరువది నిమిషములు ఉడికించు తల్లికి, గోడగడియారమును ఎవరు ముందునకు త్రిప్పినను అన్నము ముందుగా ఉడుకదని తెలియును. కావున మంచి సిస్టములలో రెండు గడియారములను వేఱువేఱుగా ఉంచుదురు. పోసిక్స్ అను ప్రమాణమున ఒకదానికి క్లాక్ రియల్‌టైమ్ అనియు, రెండవదానికి క్లాక్ మోనోటోనిక్ అనియు పేర్లు. మొదటిది తేదిని, వేళను చెప్పును, దానిని దిద్దవచ్చును. రెండవది లెక్కపెట్టుచు ముందునకే పోవును. దానిని దిద్దుటకు ఎవరికిని అధికారము లేదు. మొదటి గడియారమును దిద్దినప్పుడు, ‘ఇన్ని సెకండ్లు ఆగుదును’ అని కూర్చున్న పనికి ఏ బాధయు కలుగదు. ‘ఈ వేళ వఱకు ఆగుదును’ అని ఆ గడియారమును పట్టుకొని కూర్చున్న పని మాత్రము క్రొత్త వేళను బట్టియే లేచును. ఉదయపు ప్రార్థన గంటకు మొదటిది తగును. పరీక్షకు రెండవది తగును. ఈ మాట ముందే తెలిసియుండినచో పైని చెప్పిన యనర్థము జరుగకపోవును.

ఇక గడియారమును పెట్టు విధము. మొదట మేము పలక ప్రక్కన డీఎస్3231 అను చిప్పును చేర్చితిమి. దీనికి రూపాయి బిళ్లవంటి బ్యాటరీ యొకటి యుండును. విద్యుత్తు పోయినను ఇది వేళను మఱువదు. వేడిమినిబట్టి తన స్ఫటికముయొక్క నడకను తానే సవరించుకొనును గనుక, 0 మొదలు 40 డిగ్రీల వఱకు దీని తేడా పదిలక్షలకు 2 పాళ్లు మించదు. అనగా ఏడాదికి ఒక నిమిషము మాత్రమే. పలక మేల్కొనగానే చేయవలసిన మొదటి పని, ఈ చిప్పు నడుమ ఆగిపోయెనా యని విచారించుట. దానిలో ఆ సంగతి తెలుపు గుర్తొకటి యున్నది. బ్యాటరీ చచ్చిన చిప్పు చెప్పు వేళను నమ్ముటకంటె, వేళ తెలియదని యొప్పుకొనుట మేలు.

చిప్పునుండి వేళను చదువుటలోను ఒక మెలకువ కావలెను. 10 గంటల 59 నిమిషముల 59 సెకండ్లవేళ మొదట గంటలను చదివితిమనుకొనుడు, 10 వచ్చును. అంతలో సెకండు మాఱి, నిమిషములను చదువునప్పటికి 00 వచ్చును. రెండును కూర్చి 10 గంటలని తలతుము. పూర్తిగా ఒక గంట పోయినది! కావున అన్నిటిని ఒక్క తూరి చదువవలెను; ఈ చిప్పు అందుకు వీలుగా అప్పటి వేళను విడిగా పట్టియుంచును. అదియు గాక ఇది సెకండ్ల వఱకే చెప్పును, సెకండులో ఎంత పాలు గడచెనో చెప్పదు. అందువలన సెకండు మాఱువఱకు చూచుచుండి, మాఱిన క్షణముననే సిస్టము గడియారమును పెట్టవలెను. చిప్పునకు మనము వేళ నేర్పునప్పుడును ఇట్లే: సెకండ్ల సంఖ్యను వ్రాసిన క్షణమునుండి అది క్రొత్త సెకండును మొదలుపెట్టును గాన, నిండు సెకండున వ్రాయవలెను.

ఇదంతయు గంటలు కొట్టు పని మొదలు కాకముందే ముగియవలెను. పనులు మొదలుకాని సమయమున గడియారము ఎంత దూరము దుమికినను చూచువారు లేరు.

పిమ్మట ఇంటర్నెట్టు ద్వారా వేళను తెప్పించుకొను పద్ధతి. దీనికి మూలమైన ఎన్‌టీపీ అను విధానమును డేవిడ్ మిల్స్ అను నమెరికా శాస్త్రజ్ఞుడు 1985లో ప్రకటించెను. ఇందలి యుక్తి మాకు మిక్కిలి నచ్చినది. ఒక బాలుని స్టేషనుకు పంపి వేళ కనుగొని రమ్మంటిమనుకొనుడు. అతడు బడిగడియారమున 10.00కు బయలుదేరెను. చేరినప్పుడు స్టేషను గడియారమున 10.07. అచట ఒక నిమిషము నిలిచి 10.08కి బయలుదేరి, బడిగడియారమున 10.09కి తిరిగివచ్చెను. పోవునప్పటి తేడా 7 నిమిషములు. వచ్చునప్పటిది ఒక్క నిమిషము. ఏడునుండి ఒకటి తీసివేసి సగము చేయగా 3 వచ్చును. స్టేషను గడియారము మనకంటె 3 నిమిషములు ముందున్నది. నడక ఒక్కొక్కవైపు 4 నిమిషములు పట్టినది. బాలుడు దారిలో ఎంతసేపు నడచెనో ఎవరును కొలువనక్కఱలేకయే తేలినది. కాని ఇందొక షరతు గలదు. పోవునప్పుడు మామిడితోటలో కాయలు కోసికొనుచు పోయి, వచ్చునప్పుడు పరుగెత్తుకొని వచ్చినచో లెక్క చెడును. ఇంటర్నెట్టు మార్గములోను పోకడకును రాకడకును పట్టు కాలము భిన్నమైనచో ఆ భేదములో సగము లోపముగా మిగులును.

తేడా యెంతయో తెలిసిన పిమ్మట దానిని సరిచేయుట రెండు విధములు: ఒక్కసారి దుముకుట, లేదా మెల్లగా చేరుట. మా పలకలోని ప్రోగ్రాము గంట కొకమారు వేళను తెప్పించుకొని, మేము వేఱుగా చెప్పనంతవఱకు దుముకునదే. ఒకమారు నాలుగు దినములు ఇంటర్నెట్టు లేక గడియారము ఏడు సెకండ్లు వెనుకబడెను. నెట్టు రాగానే 11.44.56 నుండి 11.45.03కి దుమికెను. 11.45.00 అను సెకండు ఆనాడు రానేలేదు. సరిగా ఆ సెకండుకొఱకే కాచుకొనియున్న మా ప్రోగ్రాము గంట కొట్టలేదు. దీనిని దిద్దుటకు ‘వేళ వచ్చినను, దాటినను కొట్టుము’ అని వ్రాసితిమి. ఆ మఱునాటి మధ్యాహ్నము విద్యుత్తు పోయి రాగానే, యంత్రము ఉదయమునుండి దాటిపోయిన గంటలన్నిటిని వరుసగా కొట్టసాగెను! చిన్న తరగతులవారు పుస్తకములు సర్దుకొని సంతోషముతో గేటువద్దకు పోయిరి. ఇప్పుడు రెండు నిమిషములకు మించి దాటిన గంటను విడువవలెననియు, కొట్టిన గంటను గుర్తుంచుకొని, గడియారము వెనుకకు పోయినను మరల కొట్టరాదనియు వ్రాసియున్నాము.

పనులు నడచునప్పుడు మెల్లగా చేరుటయే మంచిది. పాత జవానునకు ఈ సంగతి తెలియును. హాలుగడియారము వెనుకబడినచో అతడు ముల్లును త్రిప్పక, లోలకపు గుండు క్రిందనున్న మరను కొంచెము పైకి బిగించెడివాడు. గుండు పైకి పోగా గడియారము త్వరగా నడచి, కొన్ని దినములలో వేళను కలిసికొనెడిది. ఎన్‌టీపీయు ఇట్లే సెకండునకు అర మిల్లీసెకండు మించకుండ సవరించును. ఈ నడకతో ఒక్క సెకండు సరియగుటకు 2000 సెకండ్లు, అనగా 33 నిమిషముల 20 సెకండ్లు పట్టును. ఐదు నిమిషములు తప్పినచో దాదాపు ఏడు దినములు కావలెను. అందువలననే మొదటి వేళను చిప్పునుండి సరిగా పెట్టుట యంత ముఖ్యము. చిన్న తేడాకు మెల్లని నడక చాలును, పెద్ద తేడా మొదలే రాకూడదు.

చివరకు మండలకాలపు చిక్కు. యంత్రము లోపల గ్రీనిచ్చి వేళను ఉంచి, చూపునప్పుడు మాత్రము మన వేళకు మార్చుట పద్ధతి. మన దేశపు ప్రమాణకాలము 1906 జనవరి 1 నుండి, కాకినాడ సమీపముగా పోవు 82½ డిగ్రీల తూర్పురేఖను బట్టి యేర్పడినది. డిగ్రీకి నాలుగేసి నిమిషముల చొప్పున 330 నిమిషములు, అనగా ఐదున్నర గంటలు గ్రీనిచ్చికి ముందు. ముందు గదా యని మేము ధనచిహ్నముతో వ్రాసితిమి. కాని పోసిక్స్ పద్ధతిలో పడమటి దేశములకు ధనము, తూర్పు దేశములకు ఋణము! ఐదున్నర కూడుటకు బదులు తీసివేయగా మా గడియారము సరిగా 11 గంటలు తప్పెను. ఇదే 11 గంటల తప్పు, వేఱొక కారణమువలన, ఇంతకంటె గొప్ప యంత్రమునకును కలిగినది. 2019 డిసెంబరు 20వ తేదిన మనుష్యులు లేకుండ పరీక్షకై పంపిన స్టార్‌లైనర్ అను వ్యోమనౌక, తన్ను మోసిన అట్లాస్ రాకెట్టునుండి కాలమును మిక్కిలి ముందుగా తీసికొనెను. దాని గడియారము 11 గంటలు తప్పుటచే, తాను ప్రయాణములో మఱియొక ఘట్టమున నున్నట్లు తలచి ఇంధనమును వృథాగా కాల్చెను. అంతరిక్షకేంద్రమును చేరలేక, 22వ తేదిన న్యూమెక్సికోలోని శ్వేతసైకతభూమిపై దిగెను. వేళను ఎచ్చటనుండి తీసికొనవలెనో తెలిసినను, ఎప్పుడు తీసికొనవలెనో తెలియకపోవుట ఇట్టిది.

మా తరువాత ఈ యంత్రమును చూచుకొను విద్యార్థులకు ఒక సంగతి. 1970 నుండి సెకండ్లను 32 స్థానముల గదిలో లెక్కపెట్టు ప్రోగ్రాములకు ఆ గది 2038 జనవరి 19వ తేదిన నిండును. మన వేళలో ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు. ఆనాడు మంగళవారము. ఆ మఱుసటి సెకండుననే అట్టి యంత్రము 1901 డిసెంబరునకు వెనుకకు పోవును. మా పలకలో 64 స్థానముల గదినే వాడియున్నాము గాని, నడుమ ఎవరైన పాత ప్రోగ్రాము ముక్కను తెచ్చి అందులో అతికించిన సంగతి మాకు తెలియదు. మన ప్రార్థన గంట 8.45కు.